పరిచర్య – పై చదువు

చికిత్సకు నాలుగు పాదాలున్నాయని చరకసంహిత చెబుతున్నది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అన్నవే ఆ నాలుగు. వీటిలో ఏ ఒక్కటి కుంటుపడినా చికిత్స ముందుకు నడవదు. పరిచారకునికి ఉండవలసిన గుణాలను కూడా ఆ గ్రంథం విడిగా పేర్కొన్నది. ఉపచారం తెలిసి ఉండటం, చేతిలో నేర్పు, రోగిపట్ల అనురాగం, శుచిత్వం అన్నవి ఆ గుణాలు. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. ఆ వరుసలో మొదట నిలిచినది జ్ఞానం; అనురాగం తరువాత వచ్చింది. పరిచర్యకు జాలిగుండె ఒక్కటుంటే చాలునని, దానికి పెద్ద చదువు అక్కరలేదని భావించేవారికి ఇది ఏనాడో లభించిన సమాధానం.

జ్ఞానం అవసరమని అంగీకరించిన తరువాత మరొక ప్రశ్న తలెత్తుతుంది. ఎంత జ్ఞానం? ఎన్ని సంవత్సరాల చదువు? నర్సింగ్‌లో పట్టం పొందిన యువతి అక్కడితో ఆగి ఉద్యోగంలో చేరాలా, లేక మరి రెండేళ్లు వెచ్చించి ఎమ్మెస్సీ చదవాలా? సంపన్న కుటుంబంలో ఈ ప్రశ్న కేవలం అభిరుచికి సంబంధించినది. అనంతపురం వంటి కరవు నేలలో మాత్రం ఇది ఒక ఇంటి అప్పుకు, ఒక చెల్లెలి చదువుకు, కొన్ని సందర్భాలలో పూటగడుపుకు సంబంధించిన ప్రశ్న.

నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తీరం దాటి ఈ పీఠభూమిని చేరేసరికి బలహీనపడతాయి. అందువల్ల అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 1882లో బళ్ళారి జిల్లా నుండి విడివడి ఏర్పడిన ఈ జిల్లా, 2022 ఏప్రిల్‌లో తిరిగి రెండుగా విభజింపబడి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. జిల్లాల సరిహద్దులు మారినా మబ్బుల తీరు మారలేదు. వేరుసెనగ విత్తి ఆకాశంవైపు చూడటం, పంట దక్కకపోతే బెంగుళూరుకు కూలికి వెళ్లడం ఇక్కడి పల్లెలకు కొత్త కాదు. ఇటువంటి ఇంట ఒక బిడ్డ నర్సు అయితే, వానతో సంబంధం లేని జీతం ఆ ఇంటికి మొట్టమొదటిసారిగా వస్తుంది. దాని విలువ ఆ తల్లిదండ్రులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఈ వృత్తికి ఈ నేలమీద చోటు కూడా క్రమంగా విస్తరించింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో ఆసుపత్రులను నెలకొల్పింది. బత్తలపల్లిలో నర్సింగ్ శిక్షణను కూడా ప్రారంభించింది. పుట్టపర్తి సమీపంలోని ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరులో ప్రారంభమైన ఉన్నత వైద్యశాల గుండె శస్త్రచికిత్సలను ఉచితంగా చేసి దేశం దృష్టిని ఆకర్షించింది. 2000లో అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది. బొంబాయి, మద్రాసు నగరాలకు వెళ్తే తప్ప చూడలేని చికిత్సలు ఇలా జిల్లాకు దగ్గరయ్యాయి. వాటితోపాటు నర్సుల అవసరమూ పెరిగింది.

నర్సింగ్ విద్యలోని మెట్లను ముందుగా తెలుసుకోవాలి. గ్రామస్థాయిలో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే ఏఎన్ఎం కోర్సు రెండేళ్లది. జీఎన్ఎం డిప్లొమా కాలవ్యవధి మూడేళ్లు. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవారికి నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ఉన్నది. జీఎన్ఎం పూర్తిచేసినవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ద్వారా పట్టభద్రులు కావచ్చు. ఆపైన రెండేళ్ల ఎమ్మెస్సీ. అందులో చేరడానికి పట్టంలో 55 శాతం మార్కులు, కనీసం ఒక సంవత్సరం పని అనుభవం ఉండాలని భారత నర్సింగ్ మండలి నిర్దేశించింది. ఎమ్మెస్సీలో ఐదు శాఖలు ప్రధానమైనవి: వైద్య–శస్త్రచికిత్స పరిచర్య, ప్రసూతి–స్త్రీవ్యాధుల పరిచర్య, శిశు ఆరోగ్య పరిచర్య, మానసిక ఆరోగ్య పరిచర్య, సామాజిక ఆరోగ్య పరిచర్య.

మనదేశంలో ఈ పై మెట్లు మరీ పాతవి కావు. 1946లో భోర్ కమిటీ తన నివేదికను సమర్పించిన ఏడాదే ఢిల్లీలోను, రాయలసీమవాసులకు చిరపరిచితమైన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను నర్సింగ్ పట్టవిద్య మొదలైంది. 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. ఢిల్లీలోని రాజకుమారి అమృతకౌర్ కళాశాలలో 1959లో స్నాతకోత్తర విద్య ఆరంభమైంది. ఆనాడు ఆ చదువుకు ఒక స్పష్టమైన ప్రయోజనం ఉండేది. స్వతంత్ర భారతదేశంలో వందలాదిగా ఏర్పడవలసిన నర్సింగ్ పాఠశాలలకు ఉపాధ్యాయినులు కావలసి వచ్చారు. వారిని తయారుచేయడమే ఎమ్మెస్సీ ముఖ్యోద్దేశం. అరవై ఏళ్లు గడిచినా ఆ చదువు ముఖ్యంగా తెరిచే ద్వారం అదే. ఈ విషయం తెలియక చాలామంది ఎమ్మెస్సీలో చేరుతున్నారు.

దీనిని కొంత వివరంగా చూడాలి. నర్సింగ్ కళాశాలలో ట్యూటరుగా చేరడానికి బీఎస్సీ, కొంత అనుభవం ఉంటే సరిపోతుంది. అంతకుపైనున్న అధ్యాపక పదవులకు, ప్రిన్సిపాలు పదవికి ఎమ్మెస్సీ తప్పనిసరి. కనుక బోధనను వృత్తిగా ఎంచుకొన్నవారికి ఎమ్మెస్సీ చదవాలా అన్న ప్రశ్నే ఉండదు. ఇక ఆసుపత్రి వైపు చూస్తే పరిస్థితి వేరు. ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు నియామకానికి జీఎన్ఎం లేదా బీఎస్సీ అర్హత. ఎమ్మెస్సీ ఉన్నవారూ ఆ వరుసలోనే నిలబడాలి, ఆ వేతనంతోనే మొదలుపెట్టాలి. అక్కడి నుండి హెడ్ నర్సు, సూపరింటెండెంటు పదవులకు చేర్చేది ప్రధానంగా సర్వీసు కాలం.

అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలు, అనగా ఎయిమ్స్‌లు, 2020 నుండి నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి ‘నార్సెట్’ అనే ఉమ్మడి పరీక్షను నిర్వహిస్తున్నాయి. మంగళగిరి ఎయిమ్స్ కూడా ఇందులో ఉన్నది. ఈ పరీక్షకు బీఎస్సీ చదివినవారు నేరుగా దరఖాస్తు చేయవచ్చు. జీఎన్ఎం వారికి మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఎంపికైన ఇద్దరికీ ఏడవ వేతన సంఘం ప్రకారం ఒకే స్థాయి. మూలవేతనం 44,900 రూపాయలతో ప్రారంభమవుతుంది. అంటే డిప్లొమా నుండి పట్టానికి ఎక్కిన మెట్టు రెండేళ్ల నిరీక్షణను తప్పించింది. పట్టం నుండి ఎమ్మెస్సీకి ఎక్కిన మెట్టు ఈ పరీక్షలో ఏమీ కలిపి ఇవ్వలేదు. రెండు మెట్ల ఎత్తు సమానంగా కనిపించినా వాటి ఫలితం సమానం కాదు. నర్సింగ్‌లో ‘ఉన్నతవిద్య’ అంటూ ఒకే మాటతో రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లనే తికమక పుడుతున్నది.

పల్లెల్లోనూ ఇదే పరిస్థితి. 2018లో ఆయుష్మాన్ భారత్ కార్యక్రమంతో ఉపకేంద్రాలను బలపరచి, అక్కడ సామాజిక ఆరోగ్య అధికారులను నియమించడం ఆరంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కొలువులు బీఎస్సీ నర్సింగ్ చదివిన వేలాదిమంది యువతులకు సొంత ప్రాంతంలోనే పని చూపించాయి. రక్తపోటు, మధుమేహం ఉన్నవారిని గుర్తించడం, గర్భిణుల రక్తహీనతను కనిపెట్టడం, మందులు వాడుతున్నారో లేదో చూడటం వారి నిత్యకృత్యం. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనులే. భూగర్భజలాల్లో ఫ్లోరైడు అధికంగా ఉన్న ఈ ప్రాంతంలో ఎముకల బాధలు వీటికి అదనం. ఏడువందలకు పైగా గ్రామాలకు తాగునీరందించిన సత్యసాయి నీటి పథకం 1995లో మొదలుకావడానికి కారణం ఆ నీటిలోని దోషమే. ఇంతటి బాధ్యత గల ఈ కొలువుకు సైతం కావలసిన చదువు బీఎస్సీయే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. అనంతపురం రైతుకు బోరు సంగతి తెలుసు. నీటిజాడ చూపేవారు అరచేతిలో కొబ్బరికాయ నిలిపి చేనంతా నడుస్తారు. అది నిలువుగా లేచినచోట ‘పాయింటు’ అంటారు. అప్పు తెచ్చి అక్కడ బోరు వేస్తారు. మూడువందల అడుగులకు నీరు పడకపోతే మరో రెండువందలు, ఆపై మరికొంత. ఇంతదాకా వేసి ఆపడమెందుకన్న మాటే రైతును అప్పులో దింపుతుంది. లోతుకు పోయినకొద్దీ ఖర్చు పెరగడం నిశ్చయం. నీరు పడటం మాత్రం నిశ్చయం కాదు. కొన్ని కుటుంబాలలో చదువు కూడా ఇదే పద్ధతిలో సాగుతున్నది. బీఎస్సీకి ఆశించిన ఉద్యోగం రాలేదు గనుక ఎమ్మెస్సీలో చేరడం, దానికీ రాకపోతే మరొక కోర్సు చూడటం. ఇది నీటిజాడ తెలియకుండా లోతుకు పోవడమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక నర్సు ప్రైవేటు ఆసుపత్రిలో నెలకు 20,000 రూపాయలు సంపాదిస్తున్నదనుకొందాం. ఎమ్మెస్సీలో చేరితే రెండేళ్లలో ఆమె కోల్పోయే జీతం 4,80,000 రూపాయలు. కళాశాల రుసుము ఏడాదికి లక్ష చొప్పున రెండు లక్షలనుకొంటే, వడ్డీ కలపకముందే మొత్తం 6,80,000 రూపాయలు. సాధారణంగా ఇళ్లలో లెక్కించేది రుసుమును మాత్రమే. కోల్పోయిన జీతాన్ని ఎవరూ ఖర్చుగా భావించరు. చదువు ముగిసిన తరువాత ఆమె జీతం నెలకు 5,000 రూపాయలు పెరిగితే ఏడాదికి 60,000 అదనం. పెట్టిన మొత్తం తిరిగి రావడానికి పదకొండేళ్లకు పైగా పడుతుంది. అదే బోధనలో స్థిరపడి నెలకు 15,000 పెరిగితే నాలుగేళ్లలోపే లెక్క సరిపోతుంది. ఈ అంకెలు ఊహించినవి. చదువరి వీటి స్థానంలో తన ఊరి ఆసుపత్రి ఇచ్చే జీతాన్ని, తాను చేరదలచిన కళాశాల రుసుమును వేసుకొని చూసుకోవాలి. ఆ రెండు అంకెలు తెలియకుండా తీసుకొనే నిర్ణయాన్ని నిర్ణయమనడం కష్టం.

అప్పు విషయంలోనూ జాగ్రత్త కావాలి. బ్యాంకులు నాలుగు లక్షల రూపాయల వరకు తనఖా లేకుండా విద్యారుణం ఇవ్వడం సాధారణ పద్ధతి. చదువుకాలంలో వాయిదాలు కట్టనక్కరలేకపోయినా వడ్డీ పేరుకుపోతూనే ఉంటుంది. రుసుముల రీయింబర్సుమెంటు మీద ఆధారపడేవారు మరింత మెలకువతో ఉండాలి. స్నాతకోత్తర కోర్సుల విషయంలో ఈ నిబంధనలు మారుతూ వచ్చాయి. 2020లో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఆ వసతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొలగించింది. ఎందరో ఆ ఏడాది చిక్కుల్లో పడ్డారు. కనుక అక్క చదివిననాటి నిబంధనను నమ్మి చెల్లెలు చేరరాదు.

జీతాల ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట చెప్పక తప్పదు. ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల వేతనాల గురించి సుప్రీంకోర్టు ఆదేశం మేరకు ఏర్పడిన నిపుణుల సంఘం 2016లో కొన్ని సిఫారసులు చేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సులతో సమానంగా చెల్లించాలని, 50 పడకల కంటె చిన్న ఆసుపత్రిలో సైతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని అందులో ఉన్నది. ఆ సిఫారసులు అన్నిచోట్లా అమలు కాలేదు. పని విలువకు తగిన వేతనం దొరకని లోటును పై చదువుతో పూడ్చుకోవాలని చూడటం సహజమే. కాని ఆ లోటు చదువులో లేదు; అది చెల్లింపులో ఉన్నది. దానిని ఒంటరిగా ఒక యువతి మరో రెండేళ్లు చదివి సరిదిద్దలేదు.

ఉన్నత నర్సింగ్ విద్య ఫలితాన్ని విచారించేటప్పుడు అమెరికా ఉదాహరణను తరచుగా ప్రస్తావిస్తుంటారు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి ‘నర్సు ప్రాక్టీషనరు’ శిక్షణకు అంకురార్పణ చేశారు. వైద్యులు దొరకని ప్రాంతాలలోని పిల్లలకు ఆరోగ్యసేవ అందించడం వారి ఉద్దేశం. తరువాతి దశాబ్దాలలో అక్కడి రాష్ట్రాలు చట్టాలను సవరించి, ఆ విద్య పొందిన నర్సుకు రోగిని పరీక్షించే, మందు రాసే అధికారాన్ని వేర్వేరు పరిమితులతో కల్పించాయి. అక్కడ పట్టం పెరిగినప్పుడు అధికారమూ పెరిగింది, దానివెంట ఆదాయమూ పెరిగింది. మనదేశంలో నర్సింగ్ మండలి 2016 ప్రాంతంలో అత్యవసర చికిత్సా విభాగాల కోసం ఇటువంటి రెండేళ్ల కోర్సును ప్రవేశపెట్టింది. పాఠ్యప్రణాళిక ఉన్నతమైనదే. అయితే ఆ పట్టం పొందిన నర్సుకు ప్రత్యేకమైన కొలువును ఎన్ని ఆసుపత్రులు సృష్టించాయన్నది చూడాలి. పట్టం గోడమీద వేలాడుతూ, పని మాత్రం పూర్వపు పద్ధతిలోనే సాగితే ఆ చదువు సగంలో నిలిచిపోయినట్లే. ఈ కారణంగా పై చదువుకు ముందు అడగవలసిన ప్రశ్న ‘ఇది ఎంత గొప్ప చదువు’ అన్నది కాదు. ‘ఇది చదివాక నాకు చేయడానికి అనుమతించే కొత్త పని ఏది’ అన్నది.

ఈ ప్రశ్నకు తెలుగునాట తృప్తికరమైన సమాధానం లభించిన రంగం ప్రసూతి పరిచర్య. మంత్రసానితనం మనకు అపరిచితం కాదు. కాని శాస్త్రీయ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను ఆసుపత్రి కాన్పుగదిలో బాధ్యురాలిగా నిలపడం కొత్త. తెలంగాణ ప్రభుత్వం యునిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ల సహకారంతో 2017లో కరీంనగర్‌లో ఈ శిక్షణను ఆరంభించింది. 2018 డిసెంబరులో కేంద్రప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలను వెలువరించి, అనుభవజ్ఞులైన నర్సులకు 18 నెలల శిక్షణను నిర్దేశించింది. ఈ అవసరం ఎందుకు ఏర్పడిందో తెలిపే అంకెలున్నాయి. 2019–21 సర్వే ప్రకారం శస్త్రచికిత్సతో జరిగిన కాన్పులు దేశంలో 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. అవసరం లేని కోతను తప్పించి, సహజ ప్రసవానికి ఓపికతో తోడుండటం మిడ్‌వైఫ్ విద్యలోని సారం. ఇక్కడ చదువు పెరిగితే చేసే పని మారుతుంది. తల్లి పొందే సేవ మారుతుంది. అనంతపురం ప్రాంతంలో చిన్నవయసులో పెళ్లయి, రక్తహీనతతో కాన్పుకు వచ్చే ఆడపిల్లలున్నంత కాలం ఇటువంటి నర్సు విలువను వేరుగా నిరూపించనక్కరలేదు.

మానసిక ఆరోగ్యం మరొకటి. పంటలు ఎండి, అప్పులు మీదపడి రైతులు ప్రాణాలు తీసుకొన్న చరిత్ర ఈ నేలకున్నది. ఇంటి యజమాని మాట తగ్గించడం, నిద్ర మానుకోవడం, అన్నం ముందు ఊరకే కూర్చోవడం వంటి గుర్తులను చదవగల మనిషి ఊరికి దగ్గరలో ఉండాలి. బెంగుళూరులోని నిమ్హాన్స్ మానసిక పరిచర్యలో ఎమ్మెస్సీతోపాటు ఒక సంవత్సరం డిప్లొమాను కూడా నిర్వహిస్తున్నది. అత్యవసర చికిత్స, నవజాత శిశు సంరక్షణ, క్యాన్సరు పరిచర్య మొదలైన విభాగాలలోను ఏడాది వ్యవధి గల పోస్ట్ బేసిక్ డిప్లొమాలున్నాయి. వీటికి ఎమ్మెస్సీకున్నంత పేరు లేదు. అయినప్పటికీ మంచం పక్కనే పనిచేయదలచిన నర్సుకు, అందునా రెండేళ్ల జీతం వదులుకోలేని నర్సుకు, ఇవి ఎక్కువ ఉపకరిస్తాయి. తెలుగు ఇళ్లలో డిగ్రీకున్న గౌరవం డిప్లొమాకు లేకపోవడం వల్ల ఈ దారి చాలామందికి కనబడకుండా పోతున్నది.

విదేశాలకు వెళ్లడానికి ఎమ్మెస్సీ అవసరమన్న అపోహ కూడా ఒకటి ప్రచారంలో ఉన్నది. అమెరికాలో నమోదిత నర్సుగా పనిచేయడానికి ‘ఎన్‌క్లెక్స్’ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. దాని కేంద్రం హైదరాబాదులోనూ ఉన్నది. బ్రిటన్‌కు ఆంగ్లభాషా పరీక్ష, ఆపైన వృత్తినైపుణ్య పరీక్షలు ఉంటాయి. జర్మనీకి జర్మన్ భాష రావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ ‘టామ్‌కామ్’ నర్సులకు ఆ భాష నేర్పించి పంపే ప్రయత్నం చేసింది. ఈ మూడుచోట్లా సాధారణ నర్సు నమోదుకు ఎమ్మెస్సీని అడగరు. పెద్ద ఆసుపత్రిలో రెండు మూడేళ్ల అనుభవం, భాషపై పట్టు అంతకంటె ఎక్కువ పనిచేస్తాయి. గల్ఫ్ దేశాలకు వెళ్లదలచినవారి విషయమూ దాదాపు ఇంతే.

ఈ లెక్కలన్నీ ఒక ఎత్తు. ఇంటిలోని మాటలు మరొక ఎత్తు. “ఇంగ సదివింది సాల్లేమ్మా, జీతమొచ్చే పని జూసుకో” అనే అవ్వ మాటలో అజ్ఞానం ఉన్నదని తోసిపుచ్చరాదు. ఆమె కరవు చూసిన మనిషి; చేతికి వచ్చే రూపాయి విలువ ఆమెకు తెలుసు. మరోవైపు కూతురు ఎమ్మెస్సీ చదివితే అంతకుమించి చదివిన వరుణ్ణి తేవాలని, కట్నం పెరుగుతుందని భయపడే తండ్రులున్నారు. ఈ భయానికి మాత్రం గౌరవం ఇవ్వనక్కరలేదు. కట్నం లెక్కతో ఆడపిల్ల చదువును కొలిచే పద్ధతి ఏ ఎకరానికీ నీరు పెట్టలేదు. ఇక రాత్రి విధుల పేరుచెప్పి, పెళ్లి తరువాత ఆసుపత్రి మాన్పించి, ‘టీచరు ఉద్యోగమైతే పగటిపూటే కదా’ అని ఎమ్మెస్సీకి పంపేవారూ కనిపిస్తారు. బోధనపై ఇష్టం లేకుండా, రాత్రి పనిని తప్పించుకోవడానికి అధ్యాపకురాలైన నర్సు చేతికింద చదివే అరవైమంది విద్యార్థినుల సంగతి ఎవరు ఆలోచించాలి?

అందుకే పని అనుభవానికి సంబంధించిన ఒక ఏడాది నిబంధనను విద్యార్థులు అడ్డంకిగా చూడకూడదు. నిజానికి ఆ ఒక్క ఏడాది చాలదు. రెండు మూడేళ్లు వార్డులో గడిపిన నర్సుకు తనకు ఏ శాఖ సరిపడుతుందో తెలుస్తుంది. పిల్లల ఏడుపు తట్టుకోలేనివారు శిశు విభాగాన్ని ఎంచుకోరు. కాన్పుగదిలో తెల్లవారుజామున సైతం చేతులు వణకనివారు ఆ వైపు మొగ్గుతారు. అనుభవం లేకుండా, సీటు దొరికిన శాఖలో చేరినవారు జీవితాంతం ఆ శాఖపేరుతోనే ఉద్యోగం వెతుక్కోవలసి వస్తుంది. ఈలోగా కొంత సొమ్ము కూడబెట్టుకొంటే అప్పు తగ్గుతుందన్నది అదనపు లాభం.

కళాశాలను ఎంచుకోవడంలో భవనాన్ని చూసి మోసపోరాదు. ఆ కళాశాలకు సొంత ఆసుపత్రి ఉన్నదా, ఉంటే ఎన్ని పడకలు, వాటిలో ఎన్నింటిలో నిజంగా రోగులున్నారు అన్నవి ముందు చూడాలి. చేరదలచిన శాఖలో బోధించేవారు ఎందరు, వారు ఆ శాఖలోనే ఎమ్మెస్సీ చేసినవారేనా అని విచారించాలి. తిరుపతిలోని స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రికి అనుబంధమైన కళాశాలకు, రోగులు లేని ఊరిబయటి భవనానికి మధ్యనున్న తేడా పట్టంమీద కనబడదు, పనిలో కనబడుతుంది. ఆదివారం కాకుండా మామూలు రోజు ఉదయం ఆ ఆసుపత్రి బయటిరోగుల విభాగం వద్ద గంటసేపు నిలబడితే సగం సంగతులు తెలిసిపోతాయి. అక్కడ రెండో సంవత్సరం చదువుతున్నవారితో మాట్లాడితే మిగిలిన సగం తెలుస్తుంది.

ప్రభుత్వ సేవలో ఇప్పటికే ఉన్నవారి స్థితి కొంత భిన్నమైనది. చదువుకాలానికి సెలవు మంజూరవుతుందా, ఆ సెలవులో జీతం వస్తుందా, సీనియారిటీ నిలుస్తుందా అన్న మూడు విషయాలు లిఖితపూర్వకంగా తెలుసుకొన్న తరువాతే వారు అడుగువేయాలి. జీతం నిలిచే పక్షంలో పైన వేసిన లెక్కలో పెద్ద అంకె మాయమవుతుంది. అప్పుడు నిర్ణయం సులభం. జీతం లేని సెలవైతే ప్రైవేటు నర్సుకున్న చిక్కే వారికీ ఉంటుంది.

2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. 1947 నాటి చట్టం స్థానంలో రావలసిన ఈ చట్టం విద్యాప్రమాణాలను, నమోదు విధానాన్ని కొత్తగా నిర్దేశిస్తున్నది. కనుక ప్రవేశ నిబంధనలను పాత పుస్తకాలనుండి కాక, చేరే సంవత్సరం ఆరోగ్య విశ్వవిద్యాలయం వెలువరించే ప్రకటన నుండి తెలుసుకోవాలి. అనుభవ ధ్రువపత్రం ఇచ్చే ఆసుపత్రికి గుర్తింపు ఉన్నదో లేదో పనిలో చేరేరోజే చూసుకోవాలి; దరఖాస్తు గడువు దగ్గరపడ్డాక చూసుకొంటే ఏడాది వృథా అవుతుంది. ఎమ్మెస్సీ పూర్తయిన తరువాత ఆ అదనపు అర్హతను రాష్ట్ర నర్సింగ్ మండలిలో నమోదు చేయించుకోవడం కూడా మరువరాదు.